కలలో తిన్న పుట్టకొక్కులు

2007, వానాకాలం. సూర్యాపేటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నేను స్టాఫ్ నర్సును. కింద ఓపీ, మందుల షాపు. పైన ఆడవాళ్ల వార్డు, దాన్ని ఆనుకునే ఆపరేషన్ థియేటర్. మాది కోదాడ పక్కన చిలుకూరు. నా మాటలో ఆంధ్రా గాలి కొడుతుందని సూర్యాపేట వాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. నా నోరు మాత్రం ఏ గాలికీ తగ్గేది కాదు. వార్డులో చెప్పులతో తిరిగినా, పేషెంటు మంచం మీద చుట్టాలు బైఠాయించినా నాలుగు దులిపేదాన్ని. నేను మెట్లెక్కుతుంటే "సిస్టరమ్మ వస్తున్నది, లెవ్వుండ్రి" అని వార్డంతా సర్దుకునేది.

ఆపరేషన్ అంటే అందరూ డాక్టరు కత్తి అనుకుంటారు. కానీ మనిషిని ఆ బల్ల మీదికి సిద్ధం చేసి పంపేది నర్సు. అందులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఎన్‌బీఎం. నిల్ బై మౌత్, అంటే నోటితో ఏమీ తీసుకోకూడదు అని. ముందురోజు రాత్రి భోజనం అయ్యాక పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివ్వం. మత్తు ఎక్కాక దగ్గు, మింగుడు ఏవీ పనిచేయవు. కడుపులో ఉన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారిందా, ఇక ఆ మనిషి దక్కడం కష్టం. దాన్ని ఆస్పిరేషన్ అంటారు. 

సైదమ్మ నేరేడుచర్ల దగ్గరి పల్లె నుంచి వచ్చింది. గొర్రెలు పెంచుకునే కుటుంబం. నలభై కూడా నిండి ఉండవు. గర్భసంచిలో గడ్డ, దాన్నే ఫైబ్రాయిడ్ అంటాం. నెలనెలా రక్తం పోయిపోయి, వచ్చిన రోజున కనురెప్ప కిందికి లాగి చూస్తే ఎరుపన్నదే లేదు. రక్తం ఎక్కించి కొంచెం నిలబెట్టాం. మా మేడమ్ గారు, అంటే ఆపరేషన్ చేసే డాక్టరు, ఇంటివాళ్లను పిలిచి గట్టిగానే చెప్పారు. మళ్లీ నెలసరి వచ్చేలోపు సంచి తీసేయాలి, ఇంకోసారి అంత రక్తం పోతే తట్టుకునే బలం ఒంట్లో లేదు అని. జనరల్ అనస్థీషియా, అంటే పూర్తి మత్తు ఇచ్చి చేయాలని తేల్చారు.

తోడు ఇద్దరు వచ్చారు. భర్త లింగయ్య, మెట్ల కింద గొంగడి పరుచుకుని మాట్లాడకుండా కూర్చునే మనిషి. అత్త ముత్తమ్మ, ఆమె సంగతి వేరు. కోడలి జుట్టు దువ్వడం, కాళ్లు పట్టడం, ముద్దలు కలిపి పెట్టడం అన్నీ ఆమే. "ఆడపిల్లను కననైతి, దేవుడు గీ పిల్లనిచ్చిండు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఆపరేషన్‌కు ముందురోజు పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి సైదమ్మ మూట కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"ఏందమ్మా, ఎక్కడికి ప్రయాణం?" అన్నాను.

"ఇంటికి పోతం సిస్టరమ్మ. నాకు ఆపరేషన్ వద్దు."

"రక్తం ఎక్కించుకున్నప్పుడు లేదే ఈ మాట? ఇప్పుడేమొచ్చింది?"

ఆమె కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. ముత్తమ్మే చెప్పింది. "తెల్లారుజామున కలొచ్చింది బిడ్డా. తెల్లారుజాము కల ఊకె పోదు."

కల ఏమిటంటే, గొర్రెల దొడ్డి చుట్టూ తెల్లగా పుట్టకొక్కులు మొలిచాయట. మేం పుట్టగొడుగులంటాం, వాళ్లకు పుట్టకొక్కులు. సైదమ్మ కొంగు నిండా తెంపుకుందట. ఇంతలో చనిపోయిన తల్లి వచ్చి, అవే వండి ముద్ద చేసి నోట్లో పెట్టిందట. తిని కిందికి చూసుకుంటే తన కడుపు మీదే ఒక కొక్కు మొలిచి ఉందట.

"సచ్చినోళ్లు ఏమన్న చేతికిస్తే మంచిదే," అంది ముత్తమ్మ. "కని నోట్లె పెడితే పిలుపు. కొక్కు మొలిచేది యాడ? కుళ్లినకాడ. మన్నుల. కడుపు మీద మొలిచిందంటే ఇగ చెప్పేదేమున్నది?"

నాకు ఒళ్లు మండింది. "కలకు భయపడి ఇంటికి పోతే, ఆ పిలిచేదేదో నిజంగానే పిలుస్తది పెద్దమ్మా!" అని అరిచాను. దాంతో సైదమ్మ ఏడుపు ఇంకా పెరిగింది. లింగయ్య మెట్ల దగ్గర తల దించుకుని నిలబడ్డాడు. సొంత ఇష్టంతో వెళ్లిపోతున్నామని రాసిస్తే మేం ఆపలేం. ఆ కాగితం అడగడమే తరువాయి అన్నట్టున్నారు.

అప్పుడు పక్క మంచం మీది ఖాజాబీ అందుకుంది. కోదాడ ఆమె, అపెండిక్స్ ఆపరేషన్ అయి కుట్లతో పడుకుని ఉంది. "గిదేం మాట అత్తా? కొక్కులు కలలోకొస్తే ఇంట్లో బర్కత్, సిరి పెరుగుతది అనేది మా దాదీ. ఇత్తనం ఎయ్యకుండ, నీళ్లు పొయ్యకుండ మొలిచేది అల్లా ఇచ్చింది కాక ఇంకెవరిచ్చింది?"

ఆ మాటతో వార్డు మొత్తానికి నోళ్లొచ్చాయి. చివరి మంచం మీద మిర్యాలగూడ రైసుమిల్లులో పని కోసం వచ్చిన బిహారు కుటుంబం పిల్ల ఉంది, బాలింత. హిందీలో ఏదో చెప్పింది. ఖాజాబీ తెలుగు చేసింది: "వాళ్ల ఊర్లె కొక్కులు కలలోకొస్తే ఇంటికి చుట్టం వస్తడంట. దొరికినై దొరికినట్టు వండి పంచుకోవాలె, దాస్తే నిలవయి గదా, అందుకని." ఆ పిల్ల చంకలోని బిడ్డను చూపించి నవ్వింది. తనకూ అదే కల వచ్చిందట, వచ్చిన చుట్టం వీడేనట!

మాతో పనిచేసే అన్నమ్మ సిస్టర్ కేరళ మనిషి. ఏళ్లు గడిచినా ఆమె తెలుగు కుంటుతూనే నడిచేది. ఇంజెక్షన్ ట్రే పట్టుకుని ఆగి, "మా అమ్మమ్మ ఏం చెప్తది అంటే, ఉరుము పడితే భూమి లోపల దాచింది పైకి వస్తది. కలలో వస్తే దాచిన మాట బయటికి వస్తది," అని చెప్పి వెళ్లిపోయింది.

మా చిలుకూరులో మా అమ్మ లెక్క ఇంకోటి. పుట్టగొడుగులు కలలోకొస్తే తొందరపడి ఏ పనీ మొదలుపెట్టొద్దనేది. పొద్దున గొడుగు విప్పుకున్నది సాయంత్రానికి వాడిపోతుంది కాబట్టి. ఆ మాట మాత్రం నేను నోరు జారి అనలేదు. ఉన్న పరేషాన్ చాలదా!

మా ల్యాబ్ అబ్బాయి బస్టాండు దగ్గర కొన్న పంచాంగం పట్టుకొచ్చాడు. వెనక పేజీల్లో స్వప్న ఫలాలు ఉంటాయి కదా. ఏనుగు ఉంది, పాము ఉంది, పెరుగన్నం ఉంది, పళ్లు ఊడటం కూడా ఉంది. పుట్టగొడుగు లేదు. "రాసిన పంతులు ఎన్నడూ వానలో పొలానికి పోలేదేమో," అన్నాను. వార్డంతా నవ్వింది. సైదమ్మ కూడా కన్నీళ్ల మధ్యే నవ్వింది.

"చూశావా," అన్నాను ఆమె పక్కన కూర్చుని. "ఒకటే పుట్టగొడుగు. ఒకరికి బర్కత్, ఒకరికి చుట్టం, ఒకరికి దాచిన మాట. చావు అన్నది మీ అత్త ఒక్కతే. ఆమెకు నువ్వంటే పాణం, అందుకే ముందు చావే గుర్తొచ్చింది."

 ముత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రానికి మాత్రం ఆమే నా దగ్గరికి వచ్చింది. "చేయించుకుంటది బిడ్డా. మూట ఇప్పేసినం," అంది. నాకు ఆశ్చర్యం వేసింది. ఇంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదే అనుకున్నాను. లింగయ్య సాయంత్రం బస్సుకు ఊరెళ్లాడని, గొర్రెలు చూసుకుని పొద్దున్నే వస్తాడని చెప్పింది. గొర్రెల్ని ఎన్నాళ్లని వదిలేస్తారు, నిజమే అనుకున్నాను. మంచానికి ఎన్‌బీఎం బోర్డు తగిలించి, ఇద్దరికీ మళ్లీ మళ్లీ చెప్పి ఇంటికెళ్లాను.

మర్నాడు పొద్దున వార్డులో అడుగుపెట్టగానే నేను చూసింది వేరే సైదమ్మను. తల దువ్వుకుని, ఆపరేషన్ గౌను వేసుకుని, ఖాజాబీతో పరాచికాలాడుతోంది. లింగయ్య మొదటి బస్సుకే వచ్చి మెట్ల కింద తన చోట్లో కూర్చున్నాడు.

"ఏమన్నా తిన్నావా?"

"లేదు సిస్టరమ్మ."

"నీళ్లు?"

"లేదు."

చేతి గాజులకు, మెట్టెలకు టేపు వేశాం. ట్రాలీ మీదికి ఎక్కించాం. లోపల మత్తు డాక్టరు గారు చేతులు కడుక్కుంటున్నారు. ఆయన ఊళ్లోని ఇంకో రెండు ఆసుపత్రులకు పరుగెత్తాల్సిన మనిషి, క్షణం ఆగరు. నేను ట్రాలీ తోస్తున్నాను, ముత్తమ్మ పక్కనే నడుస్తోంది. ఊరికే, భయం పోగొట్టడానికి మాట కలిపాను.

"నిన్న అంత ఏడ్చావు, ఇయ్యాల ఇంత ధైర్యం ఎక్కడిదమ్మా? మళ్లీ మంచి కలేమన్నా వచ్చిందా?"

"ఇగ ఆ కల ఖతం సిస్టరమ్మ," అని నవ్వింది. "అమ్మ పిలుపు తిరిగిపోయింది."

"ఎట్ల తిరిగిపోయింది?"

సైదమ్మ అత్త వైపు చూసింది. ముత్తమ్మ కళ్లు పెద్దవి చేసింది. సైదమ్మ నోరు ఠక్కున మూసుకుంది. థియేటర్ తలుపు దగ్గరే ట్రాలీ ఆపేశాను.

"పెద్దమ్మా, ఏం చేశారు?"

"ఏం లేదు బిడ్డా. మా ఆచారం. చెప్తే పనిచెయ్యది. దీపం పెట్టినంక చెప్తం."

"దీపం పెట్టేదాకా నీ కోడలు ఉండాలి కదా!"

గట్టిగానే అన్నాను. లోపలి నుంచి "సిస్టర్, పేషెంటేదీ?" అని మేడమ్ పిలుపు.  కలలో చచ్చినవాళ్ల చేతి ముద్ద తింది. ఆ పిలుపు తిరిగిపోయిందంటే... విరుగుడని బతికున్నవాళ్లు ఏమన్నా తినిపించారా? అడిగితే వీళ్లు చెప్పరు. చెప్తే విరుగుడు పోతుంది, విరుగుడు పోతే పిల్ల పోతుంది, వాళ్ల లెక్క అది. బిడ్డ ప్రాణం కోసమే నోరు కట్టేసుకున్న మనుషుల్ని తిట్టి నోరు తెరిపించలేం.

వంగి సైదమ్మ చెవి దగ్గర మెల్లగా అన్నాను. "చెప్పొద్దన్నారు. సరే, చెప్పకు. నోరు తెరవకు. తల ఊపొద్దని ఎవరూ అనలేదు కదా?"

ఆమె మళ్లీ అత్త వైపు చూసింది. ముత్తమ్మ ఆలోచనలో పడింది. పెద్దవాళ్లు చెప్పిన ఆచారంలో తల ఊపడం సంగతి ఉన్నట్టు ఆమెకూ గుర్తులేదు.

"బతికున్నవాళ్ల చేతి ముద్ద తిన్నావా?"

సైదమ్మ తల ఊపింది.

"ఇయ్యాల పొద్దున్నేనా?"

ఊపింది.

"పుట్టకొక్కుల కూరేనా?"

ఊపి, సిగ్గుపడి కొంగు కోసం వెతుక్కుంది. ఒంటి మీద ఉన్నది ఆపరేషన్ గౌను.

నేను ట్రాలీని అట్లాగే వెనక్కి తిప్పాను. "మేడమ్, ఆపేయండి! పేషెంటు తిన్నది!" అని నేను వేసిన కేకకు కింద మందుల షాపు వాళ్లు కూడా పైకొచ్చారు. మత్తు డాక్టరు గారు తడి చేతులతోనే బయటికొచ్చి, సంగతి విని, గోడకు ఆనుకుని నిలబడ్డారు. "బతికిపోయాం సిస్టర్. ఆమె, నేను, అందరం," అన్నారు. ఎప్పుడూ గడియారం చూసుకునే మనిషి ఆ రోజు కాసేపు కూర్చుని చాయ్ తాగి వెళ్లారు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదని లింగయ్యే చెప్పాడు. సచ్చినోళ్ల చేత తిన్నదానికి విరుగుడు, అదే కూరను సొంత పొయ్యి మీద వండి, బతికున్న పెద్దల చేత తినాలట. అతను చీకట్లో లేచి పుట్టల వెంట తిరిగి కొక్కులు తెంపి, తానే వండి, టిఫిన్ బాక్సులో పట్టుకొచ్చాడు. ముత్తమ్మ జొన్నరొట్టెతో కలిపి తన చేత్తో తినిపించింది.

"తినొద్దని అన్ని సార్లు చెప్పాను కదా పెద్దమ్మా! బోర్డు కూడా పెట్టాను!"

"నువ్వు చెప్పింది అన్నం గురించి బిడ్డా. గిది తిండా? గిది మందు గదా."

 ఆమె అబద్ధం ఆడలేదు. ఆమె దృష్టిలో అది తిండి కాదు. దేవుడి గుడిలో తీర్థం ఇస్తే ఉపవాసం చెడిందని ఎవరం అనుకుంటాం?

అన్నమ్మ సిస్టర్‌కు వెంటనే ఇంకో అనుమానం వచ్చింది. అడవిలో తెంపినవి, విషం గొడుగులైతే?  లింగయ్యను పిలిచి అడిగితే, ఎప్పుడూ గొంతు పెంచని మనిషికి రోషం వచ్చింది. "గొర్లెంబడి పుట్టి పెరిగినోణ్ని. కొక్కేదో కుక్కగొడుగేదో తెల్వదా నాకు? వండంగనే ముందుగాల నేను తిన్న. గీడ నిలవడి మాట్లాడుతలేనా?" అన్నాడు. అయినా ఇద్దర్నీ రోజంతా కనిపెట్టుకుని ఉన్నాం. ఏమీ కాలేదు. పైగా కూర చాలా బాగుందని సైదమ్మ ఖాజాబీకి చెప్పడం నా చెవిన పడింది.

అసలు తిప్పలు తర్వాత. రేపు ఆపరేషన్ పెట్టుకుందాం అంటే, విరుగుడు బయటపడింది కాబట్టి పనిచేస్తుందో లేదోనని సైదమ్మ మళ్లీ వణకడం మొదలుపెట్టింది. నేను ముత్తమ్మనే అడిగాను. "నువ్వే చెప్పు పెద్దమ్మా. నీ కోడలు నోరు తెరిచిందా?"

 "లే. తలనే ఊపింది. నోరు తెరువలే," అంది ఆమె. "ఖరారుగ పనిచేస్తది పోరీ, భయపడకు."

ఆ రాత్రి భోజనం తర్వాత సైదమ్మ మంచం పక్క ముత్తమ్మే కాపలా కూర్చుంది. ఎన్‌బీఎం బోర్డు కంటే గట్టి కాపలా. పక్క మంచం వాళ్లు నీళ్లు తాగుతుంటే కూడా "అటు తిరిగి తాగుండ్రి" అని కసిరిందట.

మర్నాడు ఆపరేషన్ చక్కగా జరిగింది. తీసిన భాగాన్ని ట్రేలో పెట్టి ఇంటివాళ్లకు చూపించడం మా దగ్గర పద్ధతి. తీయాల్సిందే తీశాం అని వాళ్లకు నమ్మకం కలగాలి కదా. ట్రే పట్టుకుని నేనే బయటికొచ్చాను. గర్భసంచి కోసి ఉంది. లోపలి గడ్డ తెల్లగా, నున్నగా, పైన గుండ్రం, కింద కాడ. కాడతో వేలాడే ఫైబ్రాయిడ్లు అట్లాగే ఉంటాయి, మాకు కొత్త కాదు. లింగయ్య వంగి చూసి నోరు తెరిచాడు.

"గిది పుట్టకొక్కు గదా సిస్టరమ్మ!"

ముత్తమ్మ కూడా చూసింది. చూసి, రెండు చేతులూ జోడించి ఎక్కడికో పైకి దండం పెట్టింది.  "నా వియ్యపురాలు పిలవనీకి రాలే బిడ్డా. ఏది తెంపాల్నో సూపియ్యనీకి వచ్చింది. నేనే తప్పు సదివిన."

 కలలో గడ్డ కనిపించిందని నేను నమ్మను. నమ్మొద్దని చెప్పే అవసరమూ నాకు కనిపించలేదు. ఆ క్షణంలో ఆమె మొహంలో ఉన్న నిశ్చింత చూసి నాకే ఏడుపొచ్చింది. ట్రే పట్టుకుని ఏడవకూడదని లోపలికి వెళ్లిపోయాను.

కొన్నాళ్లకు కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు సైదమ్మ నాకు స్టీలు డబ్బా నిండా పుట్టకొక్కులు తెచ్చింది. "తిన్న సంగతి దీపం పెట్టినంకనే చెప్పాల్నా?" అని నేను అడిగితే, కుట్లు పట్టుకుని మరీ నవ్వింది.

ఆ రోజు నుంచి ఆపరేషన్‌కు పంపే ప్రతి మనిషినీ నేను ఒక ప్రశ్న ఎక్కువ అడిగేదాన్ని. "నిద్ర పట్టిందా? ఏం కలొచ్చింది?" డాక్టర్లు నవ్వేవాళ్లు, సిస్టర్ జ్యోతిషం మొదలుపెట్టింది అని. నవ్వనీ. కల నిజమా కాదా అన్నది నర్సుకు అనవసరం. కల చూసి మనిషి చేసే పని మాత్రం నిజం. తిన్నావా అంటే లేదనేవాళ్లు, కల అడిగితే మాత్రం అన్నీ చెప్పేస్తారు. ఎక్కడో కట్టించుకున్న తాయెత్తు, మింగిన విభూది, ఇంట్లో ఎవరికీ చెప్పని భయం, అన్నీ.

2013లో నేను మిర్యాలగూడలో ఉండగా నాకే ఆపరేషన్ పడింది. పిత్తాశయంలో రాళ్లు. ఎంతమందిని ట్రాలీ మీద తోశానో, నన్ను పడుకోబెడితే మాత్రం గజగజ వణికాను. తోసే అమ్మాయి వాడపల్లి పిల్ల, నా చేతి కింద పని నేర్చుకున్నదే, సైదమ్మ కథ నా నోటనే విన్నది. తలుపు దగ్గర ట్రాలీ ఆపి, నా మీదికి వంగింది.

"నిద్ర పట్టిందా సిస్టర్? ఏం కలొచ్చింది?"

ఆ ప్రశ్న వింటే ప్రాణానికి ఇంత హాయిగా ఉంటుందని అడిగినన్నాళ్లూ నాకు తెలియదు.

"మా అమ్మ వచ్చింది," అన్నాను. మా అమ్మ పోయి అప్పటికి ఏడాది.

అమ్మాయి మొహం మారింది. "ఏమన్నా పెట్టిందా?"

"పెట్టింది."

"తిన్నరా?"

"కలలోనే తిన్నానే తల్లీ. కడుపు ఖాళీ. ఇక తోయి."